యాభైకి ఒకరు

కుమ్ హెలిగ్ లోయలో జనం నాలుగు వేల మూడొందలు.
యాభై మందికి ఒకరుంటారని
పైనుంచి వచ్చిన కాగితం అంచనా.
అంటే ఎనభై ఆరుగురు.
మా ఆసుపత్రి రిజిస్టర్‌లో ఇరవై ఒక్కరు.
మిగతా అరవై ఐదుగురూ
పలకరాళ్ళ గుట్టల వెనక దాక్కున్నారేమో అని
డాక్టర్ గారు నవ్వి
పని నాకు అప్పగించారు.

ఈ కొండని తొలిచి ఒకప్పుడు
దేశదేశాల బళ్ళకి పలకలు పంపారట.
పలక మీద పేరు దిద్దుకోలేని పిల్లలు
ఈ ఊళ్ళోనే ఎందరుండేవారో
ఎవరూ ఏ పలక మీదా రాసిపెట్టలేదు.

యాభైకి ఒకరంటే,
నిండిన బస్సులో ఒకరు.
శనివారం రగ్బీకి గొంతు చించుకునే గుంపులో నలుగురైదుగురు.
చర్చి గాయకబృందంలో ఒకరు, ముందు వరసలోనే కావచ్చు.
నా పెళ్ళికి వచ్చినవాళ్ళలో ముగ్గురు.
ఎవరెవరా అని ఆ రాత్రి ఆల్బమ్ తిరగేశాను.

మూడు వారాలు తలుపులు తట్టాను.
"అబ్బే, మా ఇంట్లో అలాంటివాళ్ళు లేరమ్మా.
పక్కింట్లో అడుగు."
పక్కింట్లో: "వాళ్ళింట్లో అడిగావా?"
రొట్టెల కొట్లో టెలెరి నలభై ఏళ్ళుగా బల్లలు తుడుస్తోంది,
గడియారం చూడటం రాదు,
చర్చి గంట వినబడితే ఇంటికెళ్తుంది.
మతిమరుపంది చెల్లెలు.
గొర్రెలు కాసే గెథిన్‌కి సంతకమంటే ఒక అడ్డగీత.
బద్ధకమన్నాడు అన్న.
ఒక్కో ఇంట్లో దానికి ఒక్కో పేరు.
సిగ్గరి. మొండి. పురిట్లో జ్వరమొచ్చింది.

నెమ్మది, అంది గ్లాడిస్ ప్రోథెరో.
ఎనభై ఎనిమిదేళ్ళు. చేతిలో కప్పు
సాసర్ మీద టకటకమంటోంది.
"మా ఇద్వల్ నెమ్మదస్తుడు, అంతే."

ఇద్వల్‌కి అరవై ఒకటి.
కిటికీకి వీపు పెట్టి బస్సులు వింటున్నాడు.
మలుపు తిరక్కముందే చెబుతాడు
ఏ బస్సో, నడిపేదెవరో, గేరు ఎక్కడ పట్టేస్తోందో.
చిల్లర మాత్రం తెలీదు.
అరచెయ్యి చాపి నిలబడితే
కొట్టువాడే తనకి రావలసింది తీసుకుంటాడు.

రెండేళ్ళుగా పన్ను నొప్పి.
నొప్పిని నొప్పి అని చెప్పొచ్చని అతనికి తెలీదు.
ఒకవైపే నములుతుంటే
అలవాటనుకుంది తల్లి.

"రిజిస్టర్‌లో ఉంటే ఏడాదికోసారి
మేమే పిలిచి చూస్తామమ్మా" అన్నాను.
ఆమె నా మొహం చూడలేదు, పెన్ను చూసింది.
"మా చెల్లి నెస్టా పేరూ ఇలాగే ఒకాయన రాసుకున్నాడు.
నల్ల టోపీ. చక్కటి చేతిరాత.
దానికప్పుడు పదమూడు.
వారం తిరక్కుండా కారొచ్చింది.
కొండవతల ఆ పెద్ద భవనంలో ముప్పై ఒక్క ఏళ్ళు.
ఆఖరికి మట్టి కూడా వాళ్ళే..."
కప్పు కింద పెట్టింది.
"వీడు పుట్టినప్పుడు నేనెవరికీ చెప్పలేదు."

అరవై ఐదుగురూ ఎవరి వెనక ఉన్నారో
అప్పుడు అర్థమైంది.
డాక్టర్ గారికి ఎలా చెప్పాలో కాలేదు.

పెన్ను మూత పెట్టేశాను.
గుమ్మం దాకా వచ్చి అడిగింది:
"ఒకసారి రాస్తే మళ్ళీ చెరపరు కదా?"
భయమనుకుని తడబడ్డాను.
చెరపరన్నాను.
"అయితే రాయి.
నేను పోయాక వీణ్ణి పేరు పెట్టి పిలిచే చోటు
ఒకటుండాలి."

ఇద్వల్ ప్రోథెరో. ఇరవై రెండు.

కారెక్కుతుంటే వెనకే వచ్చాడు, వానలో, గొడుగు లేకుండా.
"ఎడమ వెనక టైరు. ఏడుస్తోంది."
సరేలే అని తల ఊపాను.
లెక్కచేయలేదు.

రెండు మైళ్ళ తర్వాత
గుట్టల కింద చీకట్లో
కారు ఒక పక్కకి ఒరిగింది.
దిగి నిలబడ్డాను.
కింద లోయలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.
యాభై దాకా లెక్కపెట్టి ఆగాను.
మళ్ళీ మొదటినుంచి.

దూరంగా బస్సేదో వస్తోంది.
ఏ బస్సో నాకు తెలీదు.